పెద్ద తాళం తీసేశాక

ఇలాంటివి మామూలుగా అరవై దాటినవాళ్లు రాస్తారు. శాలువా కప్పించుకుని, మెడలో దండ వాడకముందే ఫోటో దిగి, ఆ ఫోటో పైన వేసుకుని రాస్తారు. నాకు ముప్పై ఆరేళ్లు. శాలువా ఎవరూ కప్పలేదు. నేను ఉద్యోగం మానేసింది మే నెలలో; నరసరావుపేటలో మే నెలలో మనిషికి శాలువా కప్పితే దాన్ని సన్మానం అనరు, హత్యాయత్నం అంటారు.

పన్నెండేళ్లు నేను చేసిన పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా అమ్మ మాత్రం చుట్టాలకు "మావాడు కంప్యూటర్లో తాళాలు తీస్తాడు" అని చెప్పేది. అది విని, ఫోను లాక్ మర్చిపోయిన మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి వరండాలో కూర్చున్నారు కూడా. నవ్వుకున్నాం గానీ, ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నేను తీసింది ఒక్క తాళమే. దాన్ని చాలా చోట్ల నుంచి తీయాల్సి వచ్చింది, అంతే. ఒకచోట తప్పుగా తీశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రెండు వచ్చాయి, రెండుసార్లూ నా కుర్చీ అదే, దాని విరిగిన చెయ్యీ అదే. రాయాల్సింది మస్తాన్ వలీ అనే ఒక పత్తి మిల్లు మెకానిక్కు గురించి. మిషను ఆపే బటన్ నొక్కానని ఆయన చెప్పాడు. నొక్కలేదని నేను చెప్పాను. అందరూ నా మాటే నమ్మారు.

ఒక్క బాత్రూము ఉన్న విడిది

మా కంపెనీ చిన్నది. సత్తెనపల్లి రోడ్డులో ఒక ఎరువుల కొట్టు పైన, మొదటి అంతస్తు. పత్తి మిల్లులకూ, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలకూ కంట్రోల్ డబ్బాలు తయారుచేసేవాళ్లం. గోడకు తగిలించే ఇనప డబ్బా, లోపల చిన్న కంప్యూటరు, ముందు వేలితో తాకే స్క్రీను. మోటార్లు తిప్పడం, ఆపడం, తేమ కొలవడం, చలి కొలవడం దాని పని. కింద నుంచి వచ్చే పురుగుమందు వాసనకు కొత్తగా చేరినవాళ్లు వారం రోజులు తలనొప్పి అనేవారు. ఎనిమిదో రోజుకి అలవాటయ్యేది. వాసన పోయి కాదు, ముక్కు పోయి.

ఆ కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున పనిచేసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దానికి తగిలించిన ఒక్కో పరికరానికీ ఒక్కో డ్రైవరు ఉంటుంది. ప్రింటరుకొకటి, కాటాకొకటి, మోటారుకొకటి. డ్రైవరంటే ఆ పరికరం భాష తెలిసిన చిన్న ప్రోగ్రాము. ఇద్దరు ఒకేసారి ఒకే చోట చెయ్యి పెడితే అంతా తారుమారవుతుంది కాబట్టి, మా పాత కెర్నెల్‌లో డ్రైవర్లందరికీ కలిపి ఒకే ఒక్క తాళం పెట్టారు. ఎవరు పనిచేయాలన్నా ముందు అది చేతికి రావాలి. ఆఫీసులో దాన్ని పెద్ద తాళం అనేవాళ్లం.

ఒకే బాత్రూము ఉన్న పెళ్లి విడిది ఊహించుకోండి. ఒకరు లోపలికెళ్లి గడియ పెట్టుకుంటే, పెళ్లికొడుకుతో సహా అందరూ తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో నిలబడాల్సిందే. గొడవలు ఉండవు. అంతా పద్ధతిగా ఉంటుంది. ముహూర్తం మాత్రం దాటిపోతుంది.

ఆ తాళానికి ఇంకో వింత గుణం ఉంది. లోపలున్న మనిషి కునుకు తీస్తే గడియ దానంతటదే వదులుతుంది. ఇంకొకరు వెళ్లి పని చూసుకుని రావచ్చు. మొదటాయనకు మెలకువ వచ్చాక గడియ మళ్లీ ఆయన చేతికి వస్తుంది. కెర్నెల్ భాషలో నిద్ర అంటే పరికరం నుంచి జవాబు కోసం ఎదురుచూడటం. పెళ్లి విడిదిలో ఈ ఏర్పాటు బాగోదు గానీ కంప్యూటర్లో చాలా సౌకర్యం. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

కాగితం అయిపోతే

అంత పద్ధతైన తాళాన్ని ఎందుకు తీయాల్సి వచ్చిందంటే, పిడుగురాళ్ల దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ వల్ల. స్క్రీను మీద చలి అంకె కదలడం లేదని ఫోనొస్తే వెళ్లాను. అక్కడి సూపర్‌వైజరు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏందయ్యా మీ డబ్బా? కాటా చీటీల కాగితం అయిపోయినప్పుడల్లా చలి ఆగిపోతది?"

"చలి ఆగదండీ. చలి చూపించడం ఆగుతుంది."

"నాకెట్టా తెలుస్తది? నేనేమన్నా మిరపకాయనా, లోపల కూసోని చూట్టానికి?"

ఆయన చెప్పిందే నిజం. కాగితం అయిపోతే ప్రింటరు డ్రైవరు నిద్రపోదు. కళ్లు తెరుచుకుని "కాగితం వచ్చిందా, కాగితం వచ్చిందా" అని అడుగుతూనే ఉంటుంది. నిద్రపోదు కాబట్టి పెద్ద తాళం వదలదు. చలి కొలిచే డ్రైవరు తువ్వాలుతో వరండాలోనే ఉంటుంది.

అప్పటికి మా డబ్బాల్లో కొత్త బోర్డులు వచ్చాయి. ఒకే కంప్యూటర్లో నలుగురు పనివాళ్లున్నట్టు. కానీ పెద్ద తాళం ఒక్కటే కాబట్టి ఒకడు పనిచేస్తుంటే ముగ్గురు చూస్తుండేవారు. అచ్చం మా ఆఫీసులాగే. అందుకని పెద్ద తాళం తీసేసి, ఏ డ్రైవరుకు ఆ డ్రైవరే సొంత చిన్న తాళం పెట్టుకునేలా మార్చాలని నిర్ణయించారు. మొత్తం పదకొండు డ్రైవర్లు. పని నాకు ఇచ్చారు.

ఇచ్చింది మా మేనేజరు ప్రభాకర్ గారు. చెడ్డ మనిషి కాదు. ఆయనకొక విద్య వచ్చు: మనం అడిగిన ప్రశ్నను చివరిదాకా శ్రద్ధగా విని, వేరే ప్రశ్నకు జవాబు చెప్పేవాడు. "సార్, ఈ డ్రైవర్లలో ఎక్కడ ఏం జరుగుతుందో ఎక్కడా రాసి లేదు, ఎలా?" అని అడిగాను. "పత్తి సీజను లోపల అయిపోవాలి కోటీ," అన్నాడు.

సుబ్బారావు గారి ఫోను

ఆ డ్రైవర్లన్నీ రాసినాయన సుబ్బారావు గారు. నేను చేరిన ఏడాదే రిటైరై అమరావతిలో ఉంటున్నాడు. నేనేం చేస్తున్నానో ఎవరో చెప్పినట్టున్నారు, ఒకరోజు పొద్దున్నే ఫోను చేశాడు.

"అబ్బాయ్, పెద్ద తాళం తీస్తన్నావంట గదా."

"తీస్తున్నానండీ."

"అది నిద్రపోతే వదిలేస్తది. నీ కొత్త తాళాలు వదలవు. ఒక్కో డ్రైవరు యాడ నిద్రపోద్దో చూసుకుంటా పో. నేను దాన్ని నమ్ముకునే రాశా. యాడా కాగితం మీద పెట్టలా."

"మా నాన్నా అంతేనండీ. టీవీ రిమోటు పట్టుకుని నిద్రపోతే వదిలేస్తాడు. మెలకువగా ఉంటే మాత్రం ఇవ్వడు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆఫీసుకెళ్లి ఆ రిమోటు జోకు అందరికీ చెప్పాను, వాళ్లూ నవ్వారు. నెల తర్వాత నాకు గుర్తున్నది ఆ జోకు. దానికి ముందు ఆయన చెప్పిన మాట గుర్తు లేదు.

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు. ఎవరైనా గంభీరంగా ఏదైనా చెబితే దానికి సూది గుచ్చకుండా ఉండలేను. చాలాసార్లు లోపల గాలే ఉంటుంది, కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఆ రోజు సుబ్బారావు గారు చెప్పినదాంట్లో గాలి లేదు.

పది డ్రైవర్లు బాగానే అయ్యాయి. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు తానే ఫోను చేసి, "కాగితం అయిపోయినా చలి కనపడతంది అబ్బాయ్, చానా సంతోషం," అన్నాడు. పన్నెండేళ్లలో నా పనిని ఒకరు ఫోను చేసి మెచ్చుకోవడం అదే మొదలు. అదే చివర కూడా. ఆ ఊపులో పదకొండోది మొదలుపెట్టాను.

ఎర్ర బటన్

పదకొండోది పత్తి మిల్లులో బెల్టు డ్రైవరు. పత్తిని లోపలికి లాగే రోలరు, దాన్ని మోసుకెళ్లే బెల్టు, బెల్టు మీద కొంత దూరంలో తేమ కొలిచే కన్ను. ఈ మూడూ ఒకే తీగ మీద ఉంటాయి, కాబట్టి మూడింటికీ ఒకే డ్రైవరు. అది పత్తి తేమ అడిగి చెబుతుంది, "ఆపు" అంటే రోలరునూ బెల్టునూ ఆపుతుంది. నేను దాంట్లో పెద్ద తాళం ఉన్న ప్రతిచోటా అది చెరిపి, చిన్న తాళం పేరు రాశాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోయిన పనిని చూసి భయపడాలని అప్పటికి నాకు తెలియదు.

ఆఫీసు బల్ల మీద పరీక్షించాం. పత్తి వస్తున్నట్టు ఉత్తుత్తి తేమ అంకెలు పంపే ప్రోగ్రాము ఒకటి ఉండేది. దాన్ని నడుపుతూ స్టాప్ నొక్కాను. ఆగింది. మళ్లీ నొక్కాను. ఆగింది. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. ప్రతిసారీ ఆగింది.

ఆ డబ్బాను మొదట బిగించింది మా ఊరి బయట ఒక జిన్నింగ్ మిల్లులో. అక్కడ మెకానిక్కు మస్తాన్ వలీ. యాభైకి దగ్గరగా ఉంటాడు. రోలరు చప్పుడు వినే, బేరింగు ఎన్నాళ్లు వస్తుందో చెప్పేవాడు. చెప్పినన్నాళ్లే వచ్చేది. ఊళ్లో అందరిలాగే నేనూ బాబాయ్ అనేవాణ్ణి. డబ్బా వాడటం ఆయనకు నేర్పింది నేనే.

"ఏదన్నా ఇరుక్కుంటే మేం ఆ గోడ కాడి మెయిన్ లాగేస్తాం అబ్బాయ్. అదే అలవాటు," అన్నాడు.

"ప్రతిదానికీ మెయిన్ లాగితే నా డబ్బా చచ్చి పుట్టాలి బాబాయ్. అంత దూరం నడవడమెందుకు? స్క్రీను మీద ఎర్ర బటన్ ఉంది, నొక్కు చాలు."

"ఇది ఆపుద్దా?"

"ఆపకపోతే నన్నడుగు."

పత్తి దిగడం మొదలైన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, రోలరు నోట్లో పత్తి ఉండ ఇరుక్కుంది. రోలరు బిగుసుకుపోయి తిరగడం ఆగింది. మస్తాన్ బాబాయ్ నేను నేర్పినట్టే గోడ దాకా నడవకుండా స్క్రీను దగ్గరికెళ్లాడు. వచ్చి చెయ్యి పెట్టి ఉండ లాగాడు. ఉండ ఊడింది. రోలరు తిరిగింది. పక్కనున్న ఒకావిడ పరుగెత్తి మెయిన్ లాగేసరికి ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

చదివి చెప్పు

పది రోజుల తర్వాత మిల్లు ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఓనరు, ప్రభాకర్ గారు, నేను, మస్తాన్ బాబాయ్. ఆయన కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో కుర్చీ లాక్కోలేక అవస్థపడుతుంటే ఎవరం సాయం చేయలేదు. అందరం నా లాప్‌టాప్ వైపు చూస్తున్నాం.

"నేను నొక్కా సార్," అన్నాడు ఆయన. "నొక్కినాకే చెయ్యి పెట్టా. ఇన్నేళ్ల నుంచి చేస్తన్నా, ఆపకుండా పెడతానా?"

"నువ్వు నొక్కానంటావు. మిషను ఆగలేదు," అన్నాడు ఓనరు. "కోటీ, నీ డబ్బాలో ఏముందో చదివి చెప్పవయ్యా."

డబ్బా తాను చేసే ప్రతి పనినీ టైముతో సహా రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. చదివాను. బెల్టు నడుస్తోంది. తేమ అడిగింది. తర్వాత కరెంటు పోయింది. మధ్యలో స్టాప్ అన్న మాట లేదు.

"సరిగ్గా చూడు అబ్బాయ్," అన్నాడు మస్తాన్ బాబాయ్. కోపంగా కాదు. మందుల షాపులో మందు లేదంటే, పై అరలో ఉందేమో చూడమని అడిగినట్టు అడిగాడు.

మళ్లీ చూశాను. పైకీ కిందికీ జరిపాను. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. అలా అందరూ గంభీరంగా ఉంటే నేనేం చేస్తానో ముందే చెప్పాను.

"కంప్యూటరుకి మొహమాటం ఉండదు బాబాయ్," అన్నాను.

ఓనరు నవ్వాడు. ప్రభాకర్ గారు నవ్వాడు. గదిలో బిగువు సడలింది. నా జోకు ఎప్పుడూ చేసే పనే చేసింది. మస్తాన్ బాబాయ్ ఒకసారి తన కట్టు వైపు చూసుకుని, ఒకసారి స్క్రీను వైపు చూశాడు. అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు.

"అయితే నొక్కలేదేమోలే," అన్నాడు. "నొక్కాననే అనుకున్నా."

పొరపాటు తనదేనని రాసి ఉన్న కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. అది సంతకంలా లేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెయ్యి మానాక మిల్లు ఆయన్ను మళ్లీ పిలవలేదు. ఆపకుండా చెయ్యి పెట్టే మనిషి పక్కన పనిచేయడానికి కూలీలు భయపడుతున్నారని చెప్పారట.

రెండు లైన్లు

మరుసటి పత్తి సీజను మొదట్లో అచ్చంపేట వైపు నుంచి ఇంకో మిల్లు సూపర్‌వైజరు ఫోను చేశాడు.

"ఏందండీ, ఖాళీ బెల్టు ఆపితే ఆగట్లా. కాస్త పత్తి ఏస్తే అప్పుడు ఆగుద్ది. మీ డబ్బాకి ఆకలా ఏంది?"

మంచి జోకు. ఇలాంటి జోకు నాకు రానందుకు కాస్త అసూయపడ్డాను కూడా. ఫోను పెట్టేసి, టీ తాగుదామని మెట్లు దిగుతున్నాను. సగం మెట్ల మీద ఆగిపోయాను. బల్ల మీద ఒక్కసారి కూడా ఖాళీ బెల్టుతో స్టాప్ నొక్కి చూడలేదని అక్కడ గుర్తొచ్చింది.

తిరిగొచ్చి బెల్టు డ్రైవరులో రెండు లైన్లు చేర్చాను. చిన్న తాళం తీసుకోబోయే ముందు "స్టాప్ వచ్చింది" అని రాసే లైనొకటి, తాళం చేతికొచ్చాక "ఆపుతున్నాను" అని రాసే లైనొకటి. ఉత్తుత్తి పత్తి ఆపేసి, బటన్ నొక్కాను. మొదటి లైను వచ్చింది. రెండోది రాలేదు. అలాగే కూర్చున్నాను. రాలేదు. పత్తి అంకె ఒకటి పంపాను. వెంటనే వచ్చింది.

జరిగింది ఇదీ. డ్రైవరు "తేమ ఎంత?" అని అడిగి, కన్ను కిందికి పత్తి వచ్చేదాకా నిద్రపోతుంది. పెద్ద తాళం ఉన్నప్పుడైతే నిద్రపోగానే గడియ వదిలేది, స్టాప్ లోపలికి వెళ్లేది. నేను పెట్టిన చిన్న తాళం వదలదు. తేమ అడిగినవాడు తాళం చేతిలో పట్టుకుని లోపల నిద్రపోతాడు, స్టాప్ వరండాలో నిలబడుతుంది. పత్తి వస్తూ ఉంటే వాడికి క్షణక్షణం మెలకువ వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. పత్తి రాకపోతే వాడు లేవడు. రోలరు నోట్లో పత్తి ఇరుక్కుంటే బెల్టు మీదికి పత్తి రాదు. మనిషి స్టాప్ నొక్కేది సరిగ్గా అప్పుడే.

ఇక ఆ లాగ్. స్టాప్ వచ్చిన సంగతి డ్రైవరు రాసుకునేది తాళం చేతికొచ్చాక. రాసేవాడు గది లోపల కూర్చున్నాడు. బయట నిలబడ్డవాడి పేరు వాడు రాయడు. ఆ రోజు మిల్లులో స్టాప్ లోపలికి వెళ్లే లోపే ఆవిడ మెయిన్ లాగింది, స్టాప్ వచ్చిన గుర్తు కూడా పోయింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మనిషి చెయ్యి పెట్టే చోట ఆపే బటన్‌ను ప్రోగ్రాము చేతిలో పెట్టకండి, నేరుగా కరెంటు తీగ మీద పెట్టండి. వినగానే రాసుకోండి, చేశాక కాదు. తాళం తీసేటప్పుడు అది ఎవరిని ఆపుతోందో అందరూ చూస్తారు. ఎవరిని పోనిస్తోందో కూడా చూడండి. మనిషి మాటకూ లాగ్‌కూ తేడా వస్తే ముందు లాగ్‌ను అనుమానించండి. ఆ మనిషిని మీరు రాయలేదు. లాగ్ మీరే రాశారు.

ప్రభాకర్ గారి గదిలోకి వెళ్లాను.

"సార్, మస్తాన్ నొక్కాడు."

"ఏ మస్తాన్?"

చెప్పాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"సరిచేయడానికి ఎంతసేపు?"

"అరగంట సార్. కానీ ఆయనకి..."

"చేసేయ్. ఈ వారంలో అన్ని మిల్లులకూ వెళ్లిపోవాలి. నేనే కూర్చుని ఫోన్లు చేస్తా."

"ఆయనకి చెప్పొద్దా సార్?"

"సంతకం పెట్టాడు గదా కోటీ. ఇప్పుడు కెలికితే ఎవరికి మంచిది?"

అన్నట్టే వారంలో అన్ని మిల్లుల్లోనూ డబ్బాలు మార్పించాడు. ఒక్కో ఓనరుకీ తానే ఫోను చేశాడు. ఇంకెవరి వేలూ పోకుండా చూసిన మాట నిజం. మార్పుల కాగితంలో మాత్రం "బెల్టు డ్రైవరు: చిన్న మెరుగులు" అని రాయించాడు. రాసింది నేనే.

తర్వాత అయిదు నెలలు నేను మస్తాన్ బాబాయ్ దగ్గరికి వెళ్లలేదు. ప్రభాకర్ గారు వద్దన్నాడని చెప్పుకోవచ్చు, కానీ ఆయన నా కాళ్లేమీ కట్టేయలేదు. ఒక వారం పెళ్లి, ఒక వారం జ్వరం, ఒక వారం బండి సర్వీసింగు. తప్పు దొరికింది, సరిచేశాం, ఇక కొత్తగా ఎవరికీ ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇందులో ప్రతి మాటా నిజమే. పిరికితనానికి అబద్ధాలతో పెద్దగా పనుండదు.

మోటార్ల కొట్టు

మస్తాన్ బాబాయ్ అప్పటికి స్టేషన్ వైపు తన బావమరిది మోటార్ల కొట్టులో ఉంటున్నాడు. వెనకే ఇల్లు. సన్న తీగ చుట్టడానికి ఆయన వేళ్లు ఇప్పుడు పనికిరావు కాబట్టి, చుట్టిన మోటార్లు తిరుగుతున్నాయో లేదో చూసే పని ఇచ్చారు. నేను వెళ్లేసరికి ఒకదాన్ని తిప్పి చూస్తున్నాడు. స్విచ్చి కట్టేశాడు. మోటారు ఆగింది. స్విచ్చి మళ్లీ వేలితో నొక్కి చూసుకున్నాడు. తర్వాత ప్లగ్గు కూడా పీకాడు. పీకి, ఇంటి వైపు తిరిగి "ఏమే, ఆగిందా?" అని కేకేశాడు.

"ఆగింది," అంది లోపల నుంచి ఆయన భార్య మున్నీసా పిన్ని. ఆమెకు అక్కడ నుంచి మోటారు కనిపించదు.

అప్పుడు నన్ను చూశాడు. "కోటయ్యా, రా రా. ఏంది ఇట్టొచ్చావ్? మోటారు కాల్చావా?"

దారి పొడుగునా మొదటి మాటగా ఒక జోకు తయారుచేసుకుని వచ్చాను. అది నోట్లోంచి రాలేదు.

"బాబాయ్, ఆ రోజు నువ్వు స్టాప్ నొక్కావు."

"నొక్కలా గదా. నువ్వే చదివావు."

"నేను చదివింది తప్పు. నువ్వు నొక్కావు. నా ప్రోగ్రాము వినలేదు. విననిదాన్ని రాసుకోలేదు."

"మిషను తప్పా?"

"మిషనుది కాదు. నాది."

ఆయన స్పానరు కింద పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. అయిదు వేళ్లనూ తుడిచినట్టే కుడిచేతి మూడు వేళ్లనూ తీరిగ్గా తుడిచాడు.

"నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"అయిదు నెలలు."

నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఈ అయిదు నెల్లు కూడా రోజూ అనుకుంటానే ఉన్నా అబ్బాయ్," అన్నాడు. "బటన్ కాడికి పోయిందీ గుర్తుంది. ఏలు పెట్టిందీ గుర్తుంది. అంతా గుర్తుండి నొక్కకుండా ఎట్టొచ్చానా అని. బుర్రకేమన్నా అయ్యిందేమోనని ఒక డాక్టరుక్కూడా చూపించుకున్నా."

గుడ్డ పక్కన పడేశాడు.

"రాసియ్యి," అన్నాడు. "తెలుగులో రాయి. మా మిల్లోళ్లకి చూపించాలి."

కొట్టులో ఉన్న నోటుపుస్తకంలోంచి కాగితం చించి ఇచ్చాడు. స్టూలు మీద కూర్చుని పెద్ద తాళం, చిన్న తాళం, పెళ్లి విడిది అన్నీ వివరంగా పేజీ నిండా రాశాను. తీసుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఏందయ్యా ఇది, బాత్రూము అంటావు, గడియ అంటావు. ఇది చూపిస్తే నేను బాత్రూములో జారిపడ్డాననుకుంటారు."

ఇంకో కాగితం చించాడు. ఈసారి మూడే వాక్యాలు రాశాను. మస్తాన్ వలీ స్టాప్ నొక్కాడు. ప్రోగ్రాములో తప్పు వల్ల మిషను ఆగలేదు. ఆ తప్పు నాది. కింద పేరు రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం తర్వాత మిల్లు ఓనరు దగ్గరికీ, అక్కడ నుంచి ప్రభాకర్ గారి బల్ల మీదికీ చేరింది. అది నా సొంత అభిప్రాయమని, కంపెనీకి సంబంధం లేదని ఇంకో కాగితం రాసివ్వమన్నారు. అప్పటికే ఆ విషయంలో "చిన్న మెరుగులు" అని ఒకసారి రాసి ఉన్నాను. రెండోసారి చేతకాలేదు. ముప్పై ఆరేళ్లకు నా పదవీ విరమణ అలా జరిగింది. సుబ్బారావు గారికి ఫోను చేసి చెప్పాను. "నేనన్నా కాగితం మీద పెట్టి ఉండాల్సింది," అన్నాడు. ఆయనకు ఆ బాధ ఇచ్చిందీ నేనే.

కానీ ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు కొట్టులో, నా సంతకం సిరా ఆరకముందే, మున్నీసా పిన్ని టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. మస్తాన్ బాబాయ్ కాగితం ఆమె ముందుకు చాపాడు.

"ఏమే, చూడు. నొక్కానంట."

ఆమె గ్లాసులు స్టూలు మీద పెట్టింది. కాగితం వైపు చూడలేదు, నా వైపు చూసింది. తర్వాత ఆయన్ను అడిగింది.

"నొక్కలేదని నేనెప్పుడన్నా అన్నానా?"

"నువ్వనలా," అన్నాడు ఆయన. "నేనే అన్నా."